బోటికూరలో మువ్వ

వకీలు వసుధ కేసులో ఉన్న మేకపోతును తినేసింది. మొత్తం కాదులెండి, రెండుసార్లు వడ్డించుకున్నంత మేరకే. తెలియక తిన్న మాట నిజమే గానీ, తెలియదంటే వదిలేసే చోటా కోర్టు?

ఇదంతా బోనాలనాడు ఛత్రినాకలో, గుండయ్య ఇంట్లో మొదలైంది. గుండయ్య ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. గొంతు పెద్దది, మీసం ఇంకా పెద్దది. ఆ మధ్య గోడ తగాదాలో వసుధ అతన్ని గెలిపించింది. అప్పటినుంచి ఏ పండగొచ్చినా "మా వకీలమ్మ రావాలె" అని కబురు పెడతాడు. వసుధ వెళ్తుంది. వెళ్ళి హాయిగా మాంసం తింటుంది. అందులో వింతేముందీ అంటారా? ఉంది మరి. వసుధ నాన్న రామానుజంగారు హుస్సేనీ ఆలంలో పెరుమాళ్ళ గుడి అర్చకులు. ఆ ఇంట్లోకి ఉల్లిపాయ రావాలన్నా వెనక గుమ్మంలోంచే, అదీ చుట్టాలు లేనప్పుడే. అలాంటి ఇంటి పిల్ల లా కాలేజీ రోజుల్లో ఒక బిర్యానీతో మొదలుపెట్టి, మెల్లమెల్లగా అన్నీ అలవాటు చేసుకుంది. తిన్నరోజు ఇంటికి పోయే దారిలో లవంగాలు నములుతుంది. ఆ లవంగాలైనా బయట కొనుక్కున్నవా? కాదు! తీర్థంలో వేయడానికి నాన్న దాచుకున్న ఇత్తడి డబ్బాలోంచి చిటికెడు చిటికెడు నొక్కేసినవి.

ఆ రోజు గుండయ్య భార్య రాజమణి గరిటెతో వచ్చి, "బోటి తింటవా వకీలమ్మా?" అంది. బోటి అంటే మేక పేగులు, పొట్ట కలిపి వండే కూర అని వసుధకు సరిగ్గా తెలియదు. కానీ "నేనన్నీ తింట" అని ఎప్పుడో గొప్పలు చెప్పి ఉంది, ఇప్పుడు అడిగితే పరువేం కావాలి? పెట్టమంది. మొదటి ముద్దకే కళ్ళు మూతపడ్డాయి. మళ్ళీ పెట్టించుకుంది. అప్పుడే పంటి కింద ఏదో కటుక్కుమంది. తీసి చూస్తే మువ్వ. బుల్లి వెండి మువ్వ!

మాంసం వండే ఇంట్లో పుట్టిన ఎవరైనా ఏం చేస్తారు? "ఏందిది, బోటి కడిగిండ్రా లేదా?" అని లొల్లి చేస్తారు. వసుధ ఏమనుకుందో తెలుసా? ఇదేదో వీళ్ళ ఆచారం అనుకుంది. బోటిలో మువ్వ వేసి వండుతారు కాబోలు, ఎవరి పళ్ళెంలో వస్తే వాళ్ళకు అమ్మవారి దయ కాబోలు! ఎవరూ చూడకుండా కళ్ళకద్దుకుని కొంగులో మూట కట్టుకుంది. మర్నాడు దాన్ని స్కూటర్ తాళంచెవికి తగిలించింది. ఆ వారమే ఒక మొండి కేసులో బెయిలు దొరికేసరికి నమ్మకం ఇంకా గట్టిపడింది. స్కూటర్ ఎక్కినప్పుడల్లా మువ్వ ఘల్లుమనేది, ఆమెకు నవ్వొచ్చేది.

ఇక గుండయ్య గల్లీలోనే కాశమ్మ అని ఒక ముసలమ్మ ఉంది. మూలమీద మిర్చి బజ్జీల బండి ఆమెదే. ఆమె కూడా మొక్కుకోసం ఒక మేకపోతును పెంచింది. దాని పేరు నవాబు. గడ్డి వేస్తే ముఖం తిప్పుకుని, నానబెట్టిన శనగలైతేనే తింటుందని ఆ పేరు. బోనాలనాడు నవాబునూ, గుండయ్య తెచ్చిన బక్క మేకపోతునూ ఒకే కరెంటు స్తంభానికి కట్టేశారు. రెండూ నల్లవే. రెండింటికీ ఒళ్ళంతా పసుపు, మెడలో వేపమండలు. డప్పులు, జనం, ఈలలు. గుండయ్య ఒక తాడు విప్పి లాక్కుపోయాడు. సాయంత్రానికి స్తంభం దగ్గర మిగిలింది బక్కది.

"నా నవాబును కోసినవ్" అంది కాశమ్మ. "నాది నేను కోసుకున్న" అన్నాడు గుండయ్య. బిందెలు ఎగిరాయి, బజ్జీల పిండి గోడకు అంటుకుంది. ఇద్దరూ ఒకరిమీద ఒకరు ఫిర్యాదు పెట్టుకున్నారు. పోలీసులు తల పట్టుకుని, మీరిద్దరూ కోర్టులో కూర్చుని రాజీ పడండి తల్లీ అని లోక్ అదాలత్‌కు పంపారు. గుండయ్య తరఫున ఎవరు? ఇంకెవరు, మా వకీలమ్మే! "నాదే బిడ్డా ఆ యాట, అమ్మతోడు" అన్నాడు. వసుధ నమ్మింది. తాళంచెవిలో మువ్వకూ ఈ గొడవకూ సంబంధం ఉండొచ్చని ఆమెకు కలలో కూడా తోచలేదు.

అదాలత్ రోజున పురానీ హవేలీ కోర్టుకు కాశమ్మ ఆటోలో దిగింది. చంకలో మనవరాలు ప్రీతి, చేతిలో తాడు, తాడుకు బక్క మేకపోతు. సాక్ష్యం తెచ్చానంటుంది. గేటు దగ్గర జవాను ఒప్పుకోలేదు. దాన్ని చాయ్ బండికి కట్టేస్తే అది నిదానంగా బండివాడు దిష్టికి కట్టుకున్న నిమ్మకాయల దండ అందుకుంది. మిరపకాయ తగిలి తుమ్మింది. వరండాలో వకీళ్ళంతా నవ్వారు.

లోపల బెంచీ మీద జడ్జి సారు, పక్కన సమాజసేవ తరఫు సభ్యురాలిగా శారదమ్మ కూర్చున్నారు. శారదమ్మను చూడగానే వసుధ వెన్ను నిటారుగా అయింది. ఆమె రిటైరైన హెడ్మాస్టరమ్మ, రోజూ రామానుజంగారి చేత్తో తీర్థం పుచ్చుకోనిదే కాఫీ ముట్టదు. పొద్దున ఆమె చెవిన పడిన మాట మధ్యాహ్నానికి చార్కమాన్ దాటుతుంది. అంతటి మనిషి!

వసుధ ఫైలు, ఫోను, తాళంచెవి బల్లమీద పెట్టి లేచింది.

"సార్, రెండూ నల్ల మేకపోతులే. రెండింటికీ పసుపు పూశారు. కోసింది వాళ్ళదే అనడానికి వాళ్ళ దగ్గర రుజువు ఏముంది?"

చెప్పాక తనకే ముచ్చటేసింది. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. రుజువు చూపించమనడం వకీలు పని, ఆ ఒక్క ప్రశ్నతోనే సగంమంది వకీళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలుగుతోంది.

"ఏమ్మా, రుజువుందా?" అన్నారు జడ్జి సారు.

"ఉంది సారు. దాని కడుపులనే ఉంది," అంది కాశమ్మ. "మా పోరి పట్టగొలుసు మువ్వ మింగింది నా నవాబు. బస్తీల అందరికెర్కే. కోసినోళ్ళకు దొరక్కుంట యాడికి పోతది?" అంటూ ప్రీతి కాలు ఎత్తి చూపించింది. పట్టగొలుసు చుట్టూ బుల్లి వెండి మువ్వలు, మధ్యలో ఒకచోట ఖాళీ.

వసుధ ఆ పట్టగొలుసును చూసింది. తర్వాత బల్లమీద తాళంచెవిని చూసింది. మళ్ళీ పట్టగొలుసును చూసింది. గుండె జారి చెప్పుల్లో పడింది.

మెల్లగా చెయ్యి చాపి తాళంచెవి తీయబోయింది. ఘల్లుమంది. కాశమ్మ చంకలో ప్రీతి కిలకిలా నవ్వి, "మల్ల!" అంది.

"ఏమిటా చప్పుడు?" అన్నారు జడ్జి సారు.

"స్కూటర్ తాళంచెవి సార్," అంది వసుధ. అదీ నిజమే. కానీ ఇందాకటి నిజం చెప్పినప్పుడు వేసిన ముచ్చట ఇప్పుడు వేయలేదు. "సార్, క్లయింటుతో కొంచెం మాట్లాడుకుని వస్తాం" అని, గుప్పిట బిగించి, గుండయ్యను దాదాపు ఈడ్చుకుంటూ వరండాలోకి తెచ్చింది.

"కాకా, నిజం చెప్పు. ఆ యాట ఎవరిది?"

గుండయ్య మీసం సవరించాడు. పైకప్పు చూశాడు. "అమ్మవారిది," అన్నాడు.

"కాకా!"

"గట్ల గుస్స చేస్తే ఎట్ల బిడ్డా? లొల్లిల తాడు గుంజిన. డప్పులు మోగుతున్నయ్, ఎవడు జూస్తడు? కోసినంక తలకాయ జూసిన. చెవి మీద నవాబుకున్న తెల్ల మచ్చ. గప్పుడు ఎర్కైంది. చెప్దామనే అనుకున్న, నీ పాణం మీద ఒట్టు. కని గప్పటికే అందరు నా భుజం తట్టవట్టిరి. ఏం యాట తెచ్చినవ్ గుండన్నా, బస్తీలనే గిసుంటిది లేదు అని. ఇన్నేండ్లు బస్సు నడిపిన. ఒక్కడన్న నా భుజం తట్టిండా? ఇగ నోరు రాలే."

వసుధ గుప్పిట విప్పింది. గుండయ్య మువ్వను చూశాడు, కళ్ళు పెద్దవి చేశాడు.

"గిది నీ తాన ఎట్లుంది?"

"నా పళ్ళెంల వచ్చింది. బోటిల."

"మరి గప్పుడే చెప్పద్దా?"

"మీ ఆచారం అనుకున్న," అంది వసుధ చిన్న గొంతుతో.

గుండయ్య నోరు తెరిచాడు. "ఆచారమా! బోటిల మువ్వలేసి వండుతమా మేము!" అని మొదలుపెట్టి, పొట్ట పట్టుకుని, గోడకు జారగిలబడి, ఏడ్చినట్టు నవ్వాడు. ఎంత ఆపుకుందామన్నా వసుధకూ ఆగలేదు. నల్లకోటు వేసుకున్న వకీలూ, పెద్ద మీసాల ముద్దాయీ కోర్టు వరండాలో ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వుతుంటే, వచ్చేపోయేవాళ్ళు కేసు గెలిచారనుకుని ముబారక్ చెప్పి పోయారు.

కళ్ళు తుడుచుకుని గుండయ్య, "సరే, ఫికర్ చెయ్యకు. పొయ్యేటప్పుడు మూసీల పారేద్దం" అన్నాడు.

వసుధ నవ్వు ఆగిపోయింది. "లేదు కాకా. నువ్వు నాకు చెప్పింది నా గొంతు దాటదు, వకీలుగా అది నా ధర్మం. కానీ ఈ మువ్వను దాచిపెట్టలేను. ఇది ఉందని తెలిసి ఇంక లోపలికి పోయి రుజువేదీ అని అడగలేను. గట్ల అడిగితే నేను వకీలును కాదు, దొంగను."

"నువ్వు నా వకీలువా, ఆమె వకీలువా?"

"నీ వకీలునే. వద్దంటే ఇప్పుడే కాగితం రాసిచ్చి తప్పుకుంట. ఎందుకని ఎవరడిగినా చెప్పను."

గుండయ్య ముఖం గంటు పెట్టుకున్నాడు. కాసేపు మీసం నమిలాడు. అప్పుడతనికి ఒక ఆలోచన వచ్చింది, ఇంత పెద్ద మనిషికి రాకూడని ఆలోచన. "మంచిది. లోపల గా శారదమ్మ గూసున్నది. మువ్వ యాడ దొరికిందని అడిగితే చెప్పుడే గద? పంతులుగారి బిడ్డ రెండుమాట్ల బోటి పెట్టిచ్చుకున్నదని చెప్త మరి!"

వసుధ తలుపు సందులోంచి శారదమ్మను చూసింది. శారదమ్మకు తెలిస్తే గుడికి తెలుస్తుంది. గుడికి తెలిస్తే, తీర్థం ఇచ్చే నాన్న చెయ్యి ముందు రేపు ఎందరు చేతులు చాపుతారో! ఎవరైనా ఆయన ముఖం మీదే అనేస్తే ఆయనేం చేస్తాడు? ఏమీ అనడు. తల దించుకుంటాడు. ఆ దించుకున్న తల తలచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది. నోరు మూసుకుంటే చాలు, అన్నీ సర్దుకుంటాయి. మూసీ కూడా దగ్గరే.

మువ్వను తాళంచెవినుంచి విడదీసి గుండయ్య అరచేతిలో పెట్టింది. "నీ ఇంట్ల దొరికింది, నీకే ఇస్తున్న. నువ్వేం చెప్తవో నీ ఇష్టం. నేను మాత్రం అబద్ధం చెప్పను," అంది.

గుండయ్య ముఖం తిప్పి బయటికి చూశాడు. ఈలోగా బయటికొచ్చిన కాశమ్మ ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడి ఉంది. ఒక చంకనుంచి ఇంకో చంకకు పిల్లను మార్చుకుంటూ ఆయాసపడుతోంది. చాయ్ తాగుదామంటే చెయ్యి ఖాళీ లేదు. పిల్ల మేకపోతు కోసం కిందికి జారుతుంటే గట్టిగా పట్టుకుంటోంది.

"పోరిని దించరాదు కాశక్కా, నడుము పోతది," అన్నాడు గుండయ్య, తగాదా ఉన్న సంగతి మరిచిపోయి.

"ఎట్ల దించుత? రెండేండ్లు దాటినా నడ్వకపాయె మా పోరి. నడిస్తే యాటనిస్తనని అమ్మకు మొక్కిన. నడిచింది. ఇయ్యాల్సిన యాట ఏమైందో ఎర్కలేకపాయె. నా మొక్కు ముట్టిందో లేదో! ముట్టకుంటే మల్ల కాళ్ళు పడిపోతే? అందుకే బోనాలకాంచి నేల మీద అడుగు పెట్టనిస్తలే," అంది కాశమ్మ. "నాకు పైసలొద్దు, ఏమొద్దు. నువ్వే కోసినవనుకో, పాయె. అమ్మకు ముట్టిందని నిమ్మలపడుత. గదొక్కటి చెప్పమంటున్న అందరిని."

గుండయ్య గుప్పిట మూసుకున్నాడు. వసుధ వైపు చూడలేదు. తిన్నగా లోపలికి నడిచాడు.

"సారు," అన్నాడు జడ్జి ముందు నిలబడి. గొంతు కీచుగా వచ్చింది. "యాట కాశక్కదే. తప్పు నాదే. గిదిగో మువ్వ." బల్లమీద పెట్టాడు. అంత చిన్న మువ్వ అంత పెద్ద చప్పుడు చేస్తుందని ఎవరూ అనుకోలేదు.

కాశమ్మ మువ్వను చూసింది. "నవాబూ!" అని ఒక్క కేక పెట్టింది.

"ఇది ఎక్కడ దొరికింది?" అన్నారు జడ్జి సారు కలం పట్టుకుని.

శారదమ్మ కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగింది. గుండయ్య ఇప్పుడు వసుధ వైపు చూశాడు. ఇందాకటి చూపు కాదది. "నా పళ్ళెంల సారు," అన్నాడు. "నేనే తింటుండంగ పంటికింద పడ్డది."

అమ్మ కాకా! ఇందాక బెదిరించిన మనిషే ఇప్పుడు ఆమె పరువు కాపాడుతున్నాడు. వసుధకు కడుపులోంచి ప్రేమ పొంగుకొచ్చింది. జడ్జి సారు రాసుకుంటున్నారు. ఇక ఏమీ చేయక్కర్లేదు. కూర్చుంటే చాలు. కూర్చుంది కూడా. కానీ కుర్చీ తగలగానే, తన క్లయింటు తన కళ్ళముందు, తనకోసం కోర్టుకు అబద్ధం చెప్పాడన్న సంగతి ముల్లులా గుచ్చుకుంది. వరండాలో అంత గొప్పగా చెప్పిన మాటలన్నీ ఏమైనట్టు? ఎదుటివాడి అబద్ధం చేదూ, తనకు పనికొచ్చే అబద్ధం తీపీనా?

లేచింది. "సార్, అది దిద్దాలి. మువ్వ దొరికింది ఆయన పళ్ళెంలో కాదు."

"మరి?"

"నా పళ్ళెంలో."

శారదమ్మ నోరు సున్నాలా అయింది. జడ్జి సారు కలం ఆపి, వసుధను చూసి, "అంటే, మీరు..." అన్నారు.

"అవును సార్. బోటికూర. రెండుసార్లు వడ్డించుకున్నాను. తెలియక ఆచారమనుకుని తాళంచెవికి కట్టుకున్నాను. ఇందాక మీరు విన్న చప్పుడు ఇదే."

జడ్జి సారు ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. వెనక కూర్చున్నవాళ్ళు ఫైలు లేకపోవడంవల్ల బాహాటంగానే నవ్వారు. వసుధకు భూమి చీలితే బాగుండుననిపించింది. అంతలో కాశమ్మ బల్ల చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వచ్చింది. ముఖంలోకి ముఖం పెట్టి చూసింది.

"నువ్వు తిన్నవా బిడ్డా నా నవాబును?"

"తిన్న అవ్వా."

"చేతుల పెట్టి సాకిన. శనగలు నానబెట్టి పెట్టిన," అంది కాశమ్మ. కళ్ళలో నీళ్ళు నిండాయి. "మంచిగుండెనా?"

ఇక్కడ కూడా నిజమే చెప్పాలి కదా! "మస్తుగుండె అవ్వా," అంది వసుధ. అని, నవ్వుతూనే భోరున ఏడ్చింది. కాశమ్మ ఆమె చెంప నిమిరి, చంకలోంచి ప్రీతిని దించింది.

పిల్ల ఒక క్షణం నేలను నమ్మలేనట్టు చూసింది. తర్వాత ఘల్లు ఘల్లుమంటూ బెంచీ ముందునుంచి, బంట్రోతు కాళ్ళ మధ్యనుంచి, గుమ్మం దాటి మేకపోతు వైపు పరుగెత్తింది. పట్టుకోండి పట్టుకోండి అంటూ గుండయ్య పిల్ల వెనక పరుగెత్తాడు. రాజీ కాగితంలో జడ్జి సారు రాయించింది ఇంతే. ఈ ఆదివారం గుండయ్య గల్లీలో మైకు పెట్టి, ఆ యాట కాశమ్మది, మొక్కు ప్రీతిది, అమ్మవారికి ముట్టింది అని తన నోటితో చెప్పాలి. బక్క మేకపోతు కాశమ్మకు. దాన్ని కోసేది లేదని, పోరి దాని వెంట నడవాలని కాశమ్మ అప్పుడే తేల్చేసింది.

సాయంత్రం వసుధ స్కూటర్ మువ్వ చప్పుడు లేకుండా ఇంటికి చేరింది. చేరేసరికే శారదమ్మ అరుగు దిగి గల్లీ మలుపు తిరుగుతోంది. వచ్చి చెప్పేసి పోయిందన్నమాట! నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నారు. వసుధ చెప్పులు విడిచి తల దించుకుంది.

"కోర్టుల అబద్ధం చెప్పినవా?" అన్నారు రామానుజంగారు.

"లేదు నాన్నా."

ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, వసుధ అమ్మ వినడం లేదని రూఢి చేసుకుని, పంచె మడతలోంచి ఒక చిన్న పొట్లం తీశారు. పొట్లం విప్పితే లవంగాలు.

"ఎన్నేండ్లసంది తీర్థంల లవంగం తక్కువైతున్నదో నాకు తెల్వదనుకున్నవా?" అన్నారు. పొట్లం ఆమె చేతిలో పెట్టి వేళ్ళు మూశారు. "ఇవి నీవి. గా డబ్బాలయి పెరుమాళ్ళవి."